లాభం, రెండు, మూడు

కందుకూరు కాలేజీ ల్యాబులో
కంప్యూటర్లు పన్నెండు, లేచేవి ఏడు.
నాకు దక్కినదానికి
జె మీట మీద నల్లటి మచ్చ ఒకటి.
అది నా వేలిదే.
పచ్చాకు జిగురు సబ్బుకు పోదు,
చింతపండుకు సగం పోద్ది,
మిగిలిన సగం నాతోపాటు బస్సెక్కుద్ది.

ఖాసిం సారు బోర్డు మీద చెప్పింది చిన్నదే.
ఐ ఒకటి నుంచి ఐదు దాకా తిరగాలి,
దాని కడుపులో జె ఒకటి నుంచి ఐదు దాకా తిరగాలి.
ఐదు వరసలు, వరసకు ఐదు చుక్కలు.
అందరికీ పాతిక చుక్కలు పడ్డయ్.
నాకు పైన ఒక్క వరస,
కింద నాలుగు ఖాళీలు,
ఒక్క సాలే మొలిచి
మిగతాదంతా పోగులు పడ్డ చేను లాగా.

"పెంచలయ్యా, నీ ఇరవై ఎక్కడికి పోయినయ్రా?"
స్క్రీన్ మీద ఎర్రర్ లేదు.
తప్పు చేశానని అది కూడా చెప్పటం లేదు.
ఇంతలో కరెంటు పోయింది.

సాయంత్రం బస్సు దిగి నేరుగా బ్యారన్ కాడికి.
మార్చి నెల, మూడో రెలుపు.
తాటాకు పందిట్లో పదిమంది ఆడవాళ్లు,
నేనొక్కణ్ణే మగపిల్లోణ్ణి.
మీసమొచ్చిన కోడలంటారు నన్ను.
అననీ.
కర్రకింత అని కూలి,
పరీక్ష ఫీజుకు ఇంకా నూట నలభై కర్రలు.

ఎదురుగా చెంచమ్మత్త.
కర్ర ఒడిలో పెట్టుకొని
పురికొస పంటి కింద పట్టి
నాలుగాకులు ఇటు మెలేసి, "లాభం" అంటది.
నాలుగాకులు అటు, రెండు.
మూడు.
మధ్యలో కోడలి సంగతి, మేకపిల్ల సంగతి,
టంగుటూరు వేలంలో రేటు పడిపోయిన సంగతి.
లెక్క మాత్రం నోట్లో ఎక్కడో నడస్తానే ఉంటది.
ఇరవై ఆరు. ముడి.
కర్ర పక్కనపెట్టి
గోడమీద బొగ్గుతో ఒక గీత,
ఇంకో కర్ర ఒళ్లోకి.
"లాభం."

నా చేతిలో ఆకు ఆగిపోయింది.

"అత్తా, ఇందాక ఇరవై ఆరు దాకా వచ్చావు గదా,
మళ్లీ లాభమెందుకు?"
కాలేజీకి పోయి చెడ్డాడన్నట్టు చూసింది.
"అది నిండిన కర్ర.
ఇది ఖాళీ కర్ర.
దాని లెక్క దీనికెట్టా సరిపోద్దయ్యా?"

అప్పుడు కనపడింది నా జె.
మొదటి కర్ర కట్టేసి
ఆరు దగ్గర కాళ్లు చాపుకొని కూర్చోనుంది.
ఐ వచ్చి రెండో కర్ర ఇచ్చింది,
మూడోది ఇచ్చింది.
ఐదు దాటేశాను గదా, ఇంకేం కట్టాలి, అంటది.
దానికి ఒకటని నేను చెప్పింది ఒక్కసారే,
అదీ గడప బయట నిలబడి.

పొద్దున్నే ఒక్క వరసను లోపలికి జరిపాను.
పేరు కూడా మార్చాను,
జె తీసేసి లాభం అని ఇంగ్లీషక్షరాల్లో.
పాతిక చుక్కలు పడ్డయ్.
"ఇదేం పేరురా?" అన్నాడు సారు.
పేరు ఏదైనా దానికి పట్టదని మీరే గదా చెప్పారు, అన్నాను.
ఆయన నవ్వి, మిషన్‌కు పట్టదులే, అని
పక్క బల్లకు పోయాడు.

శనివారం కూలి లెక్క.
చెంచమ్మత్త గోడమీద నలభై రెండు గీతలు,
మేస్త్రి పుస్తకంలో ముప్పై తొమ్మిది.
గీతలదేముందమ్మా, పిల్లలు కూడా గీస్తారు, అన్నాడు.
ఆమె డబ్బులు కొంగున కట్టుకుంది,
నోరెత్తలేదు.
లోపలి లెక్క ఆమెకు ఏనాడూ తప్పలేదు.
బయటి లెక్క రాసే చెయ్యి వేరే.

నా ల్యాబు రికార్డు వెనక పేజీలు ఖాళీ.
తేదీ వేసి, చెంచమ్మ అని రాసి
పక్కన గళ్లు గీశాను.
ఆమె ముడి వేసినప్పుడల్లా
నేనొక గీత పెడతన్నాను.
నా కర్రలు వెనకబడుతున్నయ్,
ఫీజుకు ఇంకా నూట పద్నాలుగు.

కొత్త కర్ర తీసుకున్నాను.