కొమ్ము పాచిక

శనివారం సాయంత్రం ఆరుంబావుకి
పాతపట్నంలో ఆటో ఎక్కుతాను.
మహేంద్రతనయ మీద వంతెన దాటితే
దుకాణాల బోర్డులు లిపి మార్చుకుంటాయి,
బేరాలు మార్చుకోవు.

పర్లాకిమిడి మార్కెట్టు వెనక
జిరాక్సు కొట్టు మేడ మీద గది.
అక్కడ నేను మందుల కంపెనీ ఏజెంటుని కాను.
ఒక కొండనీ, కొండ కింద నిద్రపోయే పామునీ,
ఎవరికీ పన్ను కట్టని ఏడు గ్రామాలనీ
గళ్ల కాగితం మీద చుట్టి మోసుకొచ్చేవాణ్ణి.

ఆసుపత్రి డ్యూటీ దిగి ప్రమోదిని వస్తుంది,
చేతులకింకా డెట్టాలు వాసన.
కుర్చీలో కూర్చోగానే దొంగైపోతుంది.
బ్యాంకు పాణిగ్రాహి మంత్రగాడు.
నియమాల పుస్తకం అట్ట ఊడేదాకా చదివాడు,
నిప్పుబంతి ఎన్ని మూరల మేర కాలుస్తుందో
వడ్డీ లెక్కలా పైసలతో సహా చెబుతాడు.
జీడిపప్పు తవిటినాయుడు గొడ్డలి వీరుడు,
గొడ్డలి ఎత్తేముందు బేరమాడతాడు,
ఒకసారి రాక్షసితో అరగంట.

ఇరవై ముఖాల పాచిక ఊళ్లో ఎక్కడా లేదు.
కొమ్ముతో కొంగలూ దువ్వెనలూ చేసే
మహారణా తాతనడిగాం.
"ఇరవయ్యా? రావణుడికే పదయ్యా!"
అంటూనే ఒప్పుకున్నాడు.
పదిహేను రోజులకి ఇచ్చాడు,
నేరేడుపండంత, నల్లగా,
ఓ పక్క సన్నటి తెల్లచార.
అంకెలు తనకొచ్చిన లిపిలో చెక్కాడు.
నాకు రాని లిపిలో.
వచ్చనే చెప్పాను అందరికీ.

ఎలియాజర్ గమాంగ్ వచ్చిన మొదటి రాత్రి.
సెరంగో వైపు కొండూరి కుర్రాడు,
కాలేజీలో రెండో ఏడు.
గోడకానుకుని, విలుకాణ్ణవుతానన్నాడు, అంతే.
పేరు కోసం గంట ఆలోచించి
చచ్చిపోయిన తన మేకపోతు పేరు పెట్టాడు.

కాసేపటికే పాము లేచింది. తాడు తెగింది.
మేకపోతు పేరున్న విలుకాడు
లోయలో ఓ చెట్టుకొమ్మకి వేలాడుతున్నాడు.
"ఏడు దాటాలి" అన్నాను.
వాడు పాచికని దోసిట్లో మూసి
చలికాలం చేతుల్లోకి ఊదుకున్నట్టు ఊదాడు.
బల్ల మీద దొర్లి, టీ గ్లాసుకి తగిలి ఆగింది.
వంగి చూశాను.
"ఎనిమిది! బతికాడు!"

ఎవరూ మాట్లాడలేదు,
కింద జిరాక్సు మిషను ఒక కాగితం తీసేంతసేపు.
తర్వాత ప్రమోదిని చప్పట్లు కొట్టింది.
తవిటినాయుడు మిక్చరు పొట్లం విప్పాడు.
కుర్రాడు మొదటిసారి నవ్వాడు.

ఎనిమిది నెలల తర్వాత
బస్టాండులో గుణుపురం బస్సు కోసం నిలబడ్డాను.
ప్లాట్‌ఫాం బోర్డు మీద 4.
దాని కిందే వాళ్ల అంకె:
పైన మూతపడని ఎనిమిది.
బస్సు వచ్చింది, వెళ్లింది,
నేనక్కడే ఉన్నాను.

ఆ శనివారం అడిగేశాను.
ప్రమోదిని గోళ్లు చూసుకుంది.
"నాకు ఏ లిపీ సరిగా రాదు బాబూ"
అన్నాడు తవిటినాయుడు,
ముప్పయ్యేళ్లుగా రెండు భాషల్లో ఖాతాలు రాస్తున్నవాడు.
పాణిగ్రాహి, కామా తేడా వస్తే ఒప్పుకోని పాణిగ్రాహి,
"ఆట నడిపేవాడు చదివిందే అంకె" అన్నాడు.
ఆ నియమం ఏ పేజీలోనూ లేదు.
పుస్తకం నేనూ చదివాను.

ఎలియాజర్ చాలాసేపు పెన్సిలు చెక్కాడు.
"నాలుగని నాకూ తెలుసు" అన్నాడు.
"మీరు కావాలనే అలా చదివారనుకున్నా.
అందుకే మళ్లీ వచ్చాను."

మన భాషలో పాచిక పారిందంటే
ఎత్తు ఫలించిందని.
ఎత్తు వేసిందెవరో ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు నాకు ఇరవై అంకెలూ వచ్చు.
కాగితం పరిచాను. టీలు వచ్చాయి.
పాము ఒక కన్ను తెరిచింది.
"మీ విషం కిలో ఎంత?"
తవిటినాయుడు మొదలెట్టాడు.