సుద్దగీత

బంగారుపాళ్యం మామిడి మండీ వెనక
తోతాపురి వాసన ఇంకా ఆరని నేల మీద
సున్నంతో గీసిన కోర్టు.
అవతల ఆరుగురు హమాలీలు.
ఇవతల మేం, పాత జట్టులో మిగిలిన ముక్కలం:
ఒక కండక్టరు, ఇద్దరు డ్రిల్లు అయ్యోర్లు,
పాలకేంద్రం గుమాస్తా, ఎల్ఐసి ఏజెంటు,
బంతి ఎత్తిపెట్టే నేను.
టైలరు దొరస్వామిని. నలభై ఆరేళ్ళు.

నా ఎగురుడు గురించి చెప్పుకోను ఏమీ లేదు.
ఎగిరినప్పుడు నా కాళ్ళ కింద పేపరు దూర్చచ్చు,
ఆదివారం పేపరైతే కష్టం.
నా పనంతా వేళ్ళలో.
బంతి వేళ్ళ మీదికొచ్చి చప్పుడు లేకుండా పోవాల,
కాజా కుట్టినట్టు,
తిరగేసి చూసినా ముడి కనపడకూడదు.
ఆ చప్పుడు పోయేదానికి నాకు ఇరవై ఏడేళ్ళు పట్టింది.

వాళ్ళల్లో చెంగల్రాయుడని ఒకడు.
పగలంతా లారీ మీదికి క్రేట్లు విసిరే భుజం.
వాడు ఎగిరితే వల అంచు రొమ్ముకాడ ఉండాది.
గాలిలో ఒక్క క్షణం ఆగి
ఎందుకు ఎగిరినానబ్బా అని ఆలోచించుకున్నట్టుండాది.
తరవాత కొట్టినాడు.
బంతి మండీ రేకుల మీద పడి
దొర్లుకుంటా దొర్లుకుంటా పోయి
కాటా కాడ ఆగింది.
మేం నవ్వినాం. వాళ్ళూ నవ్వినారు.

మొదటి ఆట ఇరవై అయిదు, తొమ్మిది.
మాకు చెమట కూడా పట్టలా.
నేను ఎడమకు చూసి కుడికి పెడితే
వాళ్ళు ముగ్గురూ ఎడమకే ఎగిరినారు,
ఎవరూ లేని వాకిట్లో కండక్టరు
టికెట్టు చింపినంత తీరిగ్గా కొట్టినాడు.
విద్య అంటే ఇదిరా అని అయ్యోరు ఈలేసినాడు.
నాకూ అట్లే అనిపించింది, అబద్ధమెందుకు.

రెండో ఆటలో, పద్దెనిమిది ఏడు కాడ,
చూడకుండానే బంతిని వల అవతలికి జార్చినాను.
అది పడే మూల నాకు ఇరవై ఏడేళ్ళుగా తెలిసిన మూల.
అక్కడ పడేది చచ్చిన బంతి.
దాని వెంట పోవద్దని ఆట తెలిసినోళ్ళకంతా నేర్పుతారు.
ఊపిరి దాచుకోమంటారు,
తర్వాతి బంతికి నిలబడమంటారు.

చెంగల్రాయుడికి ఎవరూ నేర్పలా.

ఆ మూల నించి ఈ మూలకు వచ్చినాడు.
ఎట్లా వచ్చినాడో చూసినోళ్ళూ చెప్పలేకపోయినారు.
గడ్డం మట్టిలో గీసుకుపోతా,
అరచెయ్యి నేలకానించి,
ఆ చేతి మీద బంతి పడి లేచింది.
లేచి, వల దాటి, మా నడిమధ్యలో పడింది.
మేం ఆరుగురం దాన్ని చూస్తా నిలబడుకున్నాం,
పాడె మీద లేచి కూర్చుని ఎవరో కాఫీ అడిగినట్టు.

ఒక్క పాయింటే.
ఆట మేమే గెలిచినాం.

మంగళవారం సాయంత్రం అంగడికొచ్చినాడు,
గడ్డానికి పట్టీ, చంకలో చొక్కా గుడ్డ.
భుజం కొలిచినాను. పంతొమ్మిదిన్నర.
టేపు తీస్తాంటే అడిగినాడు,
"అన్నా, ఆ యేళ్ళు ఎట్లా పెడ్తావు?"
మిషను కింద నించి పాత బంతి తీసి చూపించినాను.
వాడి వేళ్ళు వంగవు,
క్రేట్ల అంచులు కోసి కోసి గట్టిపడినాయి.
పట్ మని చప్పుడు. మళ్ళీ పట్.
"ఎన్నాళ్ళు పడుతుందన్నా?"
నేను జవాబు చెప్పలా.
"నీకు ఎగిరేది ఎవరు నేర్పినారు?" అన్నాను.
"దాన్ని గూడా నేర్పుతారా?" అన్నాడు.

బట్టల సుద్దముక్క చేతికిచ్చి
గోడ కాడ ఎగరమన్నాను.
నీలం గీత పడింది,
బూజుకర్ర కూడా అందని చోట.

వాడు పోయినాక షట్టరు సగం దించి
నేనూ ఎగిరినాను. మూడుసార్లు.
నా గీత క్యాలెండరు మేకు దాటలా.

నిన్న సున్నమేసే ఆయన వచ్చినాడు.
గోడంతా వెయ్యి, ఆ రెండు గీతలు మాత్రం వదిలెయ్ అన్నాను.
"ఏం గీతలన్నా అవి? కొలతలా?"
కొలతలే, అన్నాను.
ఎవరి చొక్కాకని ఆయన అడగలా.