అగ్గిపెట్టెల తుప్పు

పొద్దంత నేను తుప్పును దాస్త.
మిర్యాలగూడల అద్దంకి రోడ్డు మీద, వేబ్రిడ్జి పక్కన,
లారీ డోర్ల అడుగున, మడ్‌గార్డు మడతల్ల
అది యాడ నక్కుతదో నాకెరుక.
గీకుత, పాటీ పెడ్త, నున్నగ రుద్దుత,
పైన నెమలిని గూడ దించుత.
ఓనర్ చుట్టు తిరిగి చూసి
"పెండ్లికొడుకు తీరుగున్నదిర" అంటడు,
పైసలిచ్చేటప్పుడు తప్ప.

రాత్రి తొమ్మిదైతే
మైబెల్లి మోటర్ వైండింగ్ దుకాణం మీది రేకుల రూమెక్కి
నేనే తుప్పు పట్టిస్త.

అరచేయంత కార్లు.
పొడుగు మూతి, బలిసిన వెనక చక్రాలు,
ఎన్నడు మా రోడ్ల మొఖం చూడని అమెరికా బండ్లు.
ఎర్రగడ్డ ఐతారం అంగట్ల సంచి లెక్కన తెచ్చినం.
ఒకదానికి మోటర్ లేదు, ఒకదానికి టాపు లేదు,
ఒకదాని అడుగున ఎవరో పిల్లగాడు
పిన్నుతోని గీకిన పేరు
సగమే ఉన్నది.
పాత టేప్‌రికార్డర్ల మోటర్లు ఇప్పి ఏసినం.
సైకిల్ ట్యూబు కోసి టైర్లు తొడిగినం.
నాలుగు ప్లైవుడ్ చెక్కలు, నడుమ కోసిన గాడి,
గాడికి రెండు పక్కల మైబెల్లి పరిచిన రాగి పట్టీ,
మూలకు ట్రాక్టర్ బ్యాటరీ.
కరెంటు పోయినా పందెం ఆగదు.

తుప్పంటే ఎర్రరంగు పూసుడు గాదు.
పర్వతాలు అట్లనే పూసిండు,
కారుకు ఆటలమ్మ పోసినట్టయింది.
నీళ్లు యాడ నిలుస్తయో ముందు తెల్వాలె.
వాన ఏ దిక్కుకెళ్లి కొట్టింది,
డ్రైవర్ ఏ మోచేయి కిటికీల ఆనిచ్చి రంగు అరగదీసిండు.
ఆ దేశంల ఎడమ దిక్కు కూసొని నడుపుతరట గద,
అందుకే ఎడమ డోరే అరగాలె.
మనకు క్లీనర్ దిక్కు, వాళ్లకు డ్రైవర్ దిక్కు.
చెల్క మన్ను బట్టల జల్లించి చక్రాల మీద ఊదుత.
పొగ గొట్టానికి రైస్‌మిల్లు ఊక బూడిద.
ఉప్పుగల్లు అద్ది, మీద రంగేసి,
ఆరినంక గోరుతోని రాలిస్తే
కింద పాత రంగు కండ్లు తెరుస్తది.

"పొద్దుగాల తీసేదే రాత్రి పెడ్తవ్, గిదేం పని?"
అడిగింది సైదమ్మ.
జవాబు దొరకలె. కంచం కడుక్కొని లేసిన.

బొటనవేలు కింద స్ప్రింగు, అంతే.
నొక్కితే ఉరుకుతది,
ఇంకింత నొక్కితే గోడకు తగుల్తది.
మూడో మలుపు కాడ అందరియి ఎగిరి పడ్తయి,
పర్వతాలుది తప్ప.
చిన్నప్పటి బోరునీళ్లకే వాని మోకాళ్లు వంగినయ్,
మెట్లెక్కనీకె ఇద్దరం పట్టాలె.
ఎక్కినంక వాన్ని పట్టేటోడు లేడు.

మొన్నొక లారీ వచ్చింది, పద్నాలుగు టైర్లది.
క్లీనర్ దిక్కు డోరు మూలకు జానెడు తుప్పు.
నడుమ చాయ్‌పత్త రంగు, దాని చుట్టు పసుపు,
ఇంకా అంచుకు పాత నీలం పొక్కి
వానల తడిసి ఎండిన కాయిదం లెక్క.
పాటీ కత్తి చేతులనే ఉన్నది.
ఇరవై రెండేండ్లు గీకిన,
ఒక్కనాడన్న చూడలె.
"ఏందిర, దానికి దండం పెడ్తవా?" అన్నడు ఓనర్ వెంకులు.

గీకిన. గీకకపోతె పూట గడ్వది.
కాని కింద పేపర్ పరిచి గీకిన.
రాలినదంత అగ్గిపెట్టెల పోసుకున్న.

ఆ రాత్రి సగం పేరున్న కారు తీసి
ఎడమ డోరు అడుగున వార్నిష్ గీసి
పొడి చల్లిన. మెల్లగ ఊదిన.
క్లీనర్ దిక్కు తుప్పు డ్రైవర్ దిక్కుకొచ్చింది.

ఆ లారీ ఇప్పుడు నా రంగుతోని తళతళ మెరుసుకుంట
సిమెంటు నింపుకొని నార్కట్‌పల్లి దిక్కు పోతుంటది.
దాని తుప్పు ఈడ
ఎనిమిది సెకండ్లకొక రౌండు కొడ్తది,
మూడో మలుపు కాడ ఎగిరి పడ్తది.
ఎత్తి మళ్ల గాడిల పెడ్త.
పెట్టినప్పుడల్ల జెరంత నా వేలికంటుతది.

తెల్లారి ఆ వేలుతోనే
ఇంకో లారీ డోరు తడ్త,
యాడ బోలుగ మోగుతదో
చెవి పెట్టి వింట.