ఎడమ రెక్క

మిట్టూరులో పాత బెల్లం గోడౌను.
మండీ ఎత్తేసి ఏడేండ్లయినా
ఎండ కాస్తే గోడలు ఇంకా తియ్యగా చెమరుస్తాయి.
చీమలు వస్తానే ఉండాయి
సర్వీసు గీత మీద బారులు తీరి.

ఐదున్నరకు తాళం తీస్తాను.
మొదట ఫ్యాన్లు ఆపాల.
చిత్తూరు ఎండల్లో ఫ్యాను ఆపేవాణ్ణి
ఎవరు మాత్రం గురువంటారు?

"సార్, ఈ ఆట ఎవురు కనిపెట్నారు?"
గురప్ప మనవరాలు నీలవేణి. ఎనిమిదేండ్లు.
బ్యాటు పట్టుకుంటే
బ్యాటే దాన్ని పట్టుకున్నట్టుంటుంది.

ఏం చెప్పను?
పూనాలో దొరల సిపాయిలంటారు.
ఇంగ్లండులో ఎవరిదో మేడ, బయట వాన అంటారు.
పుట్టిన ఊరు తేలని ఆట
మేడ పేరు పెట్టుకుని బతుకుతా ఉంది.

నాకు తెలిసిన మొదలు వేరే.
చక్కెర ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి మా నాయన
పసుప్పచ్చ ఉన్ని బంతి జేబులో వేసుకొచ్చేవాడు.
అటు ఐదుగురు, ఇటు ఐదుగురు,
గాలిని లెక్కచెయ్యని ఆట.
బంతి విడిపోతే మా యమ్మ గోనెసూదితో కుట్టేది.

ఈకకు అట్ల కుదరదు.
పదహారు ఈకలు నీలా, అన్నీ బాతు ఎడమ రెక్కవే.
రెండు రెక్కలూ కలిపితే తిరగదు, తూలుతుంది.
కుడి రెక్కవి ఏమైపోతాయో
నాకూ తెలియదు.

కొత్త డబ్బా తీస్తే మొదట యాసీన్‌కు.
వచ్చే నెల రాష్ట్రం ఆడాల వాడు.
వాడి స్మాష్‌కు పది నిమిషాల్లో రెండీకలు పోతాయి.
అది బ్యాంకు దామోదరం గారికి దిగుతుంది.
యాభై నాలుగు, మోకాలికి పట్టీ,
డ్రాప్ మాత్రం దొంగసరుకులా వల దాటిస్తాడు.
ఆ తర్వాత, నైటు డ్యూటీ దిగి
పూతలపట్టు బస్సు ఎక్కేముందు వచ్చే నర్సులిద్దరికి.
చివరకు నీలవేణి బ్యాచ్‌కు.

అందరికీ చెప్పేది ఒకటే మాట.
పిడి గట్టిగా పట్టొద్దు.
యాసీన్‌కు ఎక్కేదానికి ఆరేండ్లు పట్టింది.
దామోదరం గారికి ఇంకా ఎక్కలేదు.
నాకెప్పుడు ఎక్కిందో చెప్పను,
ఓడిపోయిన పూట అది.

రాత్రి కుక్కరు ఆవిరి మీద
ఈకలు సాపు చేస్తా ఉంటే
"బియ్యం ఉడకనియ్యి ముందు"
అంటుంది మా రాజ్యం.

ఇయ్యాల
తొమ్మిదీకలు మిగిలిన షటిల్‌ను
నీలవేణి కొట్టింది.
ఎటు పోవాలో దానికే తెలియక
వంకరగా తిరుగుతా వల దాటింది.
అవతల ఊరికే నిలబడిన యాసీన్
నిజంగానే బ్యాటు చాపినాడు,
నిజంగానే అందలేదు.

గోడౌనంతా ఒకటే కేక.
నేను పోయి
ఫ్యాను వేసినాను.