ప్రశ్న నంబరు 214

డబ్లిన్ సభలో, సగం ఖాళీ కుర్చీల మధ్య
లేచి నిలబడింది ఓర్లా గెరాటీ.
కళ్ళద్దాల కాడ విరిగి, టేపు చుట్టి ఉంది.

"మంత్రిత్వశాఖ ముందుగదిలో
కుండీ మొక్కలకు అద్దె ఎంత?"

ఎవరో కిసుక్కున నవ్వారు.
ఆమె నవ్వలేదు.
లీట్రిమ్‌లో, మంచంపట్టిన డెలియా గిల్రేన్‌కి
స్నానం చేయించే మనిషి గంటల్లో
మూడు కోసేశారు మొన్ననే.
తల తడిసి పదకొండు రోజులు.

"వివరాలు సేకరిస్తున్నాం" అన్నాడు మంత్రి
కాగితంలోంచి తల ఎత్తకుండా.

స్టేషన్‌కి వెళ్తూ ఆ ముందుగదిలో ఆగింది.
ఒక ఆకుని వేళ్ళ మధ్య నలిపింది.
నలగలేదు. ప్లాస్టిక్.

రేపటి ప్రశ్న రైల్లోనే రాసుకుంది:
"అయ్యా, వాటికి నీళ్ళు పోయడానికి ఎంతయింది?"

కిటికీ అవతల, షానన్ నది మీద
వాన
ఊరికే కురుస్తోంది.