సబ్బు మీది అచ్చు

ఫతేనగర్ బ్రిడ్జి కింద
ఇరవై ఆరేండ్ల సంది నాదొక డబ్బా కొట్టు.
ఆకురాయి, పట్కారు, తీగెకు గుచ్చిన పాత తాళంచెవులు,
పోగొట్టుకున్నోళ్ళ తొందర:
ఇదే నా ఆస్తి.

పని నేర్పిన నాడు మా నాయిన ఒక్కటే జెప్పిండు.
"సబ్బు మీద అచ్చు తెచ్చినోనికి చెయ్యకు.
ఇల్లుగలాయన ముందట నిలబడాలె,
లేకుంటే కాగితమన్న ఉండాలె.
పోలీసోడైనా సరే."
ఆయనకు సదువు రాదు.
కానూన్ అని పలకబోతే
ముందటి పన్ను లేక గాలి పోయేది.

మొన్న మంగళారం, తెల్లారకముందే
రెండు జీపులొచ్చి ఆగినయి.
"తాళం తియ్యాలె, రా" అన్నరు.
బాలానగర్ల బేరింగుల కంపెనీ,
సముద్రాలవతల ఎవరిదో.
గేటు మీద నోరు తిరగని పేరు.
ఆ పేరును మా బామ్మర్ది పోశెట్టి పద్దెనిమిదేండ్లు
చొక్కా జేబు మీద మోసిండు.

మంచి కంపెనీ అని చెప్ప.
నల్లనీళ్ళు నాలాలకు ఇడిసింది.
పోశెట్టి రెండు వేళ్ళు మిషన్ల పోయిననాడు
దవాఖాన దాక ఆటో కిరాయిచ్చి చేతులు దులుపుకున్నది.
జప్తు అనంగనె వాడు ఉరికొచ్చిండు,
"ఇగ మనదే బావా" అని
మూడు వేళ్ళ చేత్తోని గేటుకు కొబ్బరికాయ గొట్టిండు.

నేను తాళం జూసిన.
పరాయిదైనా తాళం తాళమే.
లోపల ఏడు పిన్నులు, ఒక్కోటి ఒక్కో ఎత్తుల కూసున్నయి,
సరైన చెవికి తప్ప లేవయి.
"కాగితమేది సార్?"
అడగాలని అడగలే,
చేతుల అలవాటు నోటికొచ్చింది.

నాయబ్ సాబు నవ్విండు.
"సర్కారును కాగితమడిగేటోడివి
నువ్వొక్కడివి దొరికినవ్ రా.
ఆర్డరు వెనుకనుంచి వస్తున్నది."
వెనుక చూసిన.
వెనుక దుమ్ము, మూసిన చాయ్ హోటలు,
బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ఆడోళ్ళు.

తీసిన.
నాలుగు నిమిషాలు పట్టింది.
పెద్ద తాళం ఊడినప్పుడు వచ్చే టక్కుమనే సప్పుడు
నాకు మస్తు ఇష్టం.
ఆ దినం అది ఎవరో దగ్గినట్టు ఇనబడ్డది.

లోపల గోడకు రెండు గడియారాలు.
ఒకటి మన టైము,
ఒకటి వాళ్ళ దేశానిది. అక్కడింక నడిరాత్రి.
ఎవరో పండుకున్న ఇంట్ల కాలుపెట్టినట్టయి
చెప్పులు బయట ఇడిసిన.

ఖాళీ పంచనామా మీద దస్తఖత్ పెట్టమన్నరు.
పేరు చింతల బుచ్చిలింగం. పని తాళాలు.
"మా కండ్ల ముందట, మా ఇష్టంతోని" అనేది
తర్వాత రాసుకుంటరంట.
ఐదు వందలిచ్చిండ్రు.
నా కూలి మూడు వందలే,
మిగిలింది దేనికని అడగలే.

ఇయ్యాల పొద్దుగూకినంక ఒక పిల్లగాడొచ్చిండు.
పంతొమ్మిదేండ్లు ఉండవు.
రుమాలు ఇప్పి చూపిండు:
పచ్చ సబ్బు, దాని మీద చెవి అచ్చు.

ఇల్లు నీదేనా అనబోయిన.
మాట గొంతుల్నే వంకరపోయింది,
తప్పుడు చెవి లెక్క.

వాడేం అనలే. నన్నే చూస్తున్నడు.
నేను ఆకురాయి కింద పెట్టి
వాని వెనుక, రోడ్డు దిక్కు చూసిన.