పదిహేడు రాళ్ళు

డయలు మీద రాసుండాది: పదిహేడు రాళ్ళు.
లోపల లెక్కపెడితే పదిహేనే.

మునిరత్నం కొడుకు యోగానంద
దేవస్థానం వేలంలో లాటుగా పాడుకున్న గడియారాల్లోంచి
ఒక్కటి ఏరి, చేతిగుడ్డలో చుట్టి తెచ్చినాడు
గాంధీ రోడ్డు మెట్ల కింద నా ఆరడుగుల అంగడికి.
"అన్నా, జాతిదేనా? అతుకుల బొంతా?
బెంగళూరులో ఒకాయన పద్దెనిమిది వేలంటా ఉండాడు."

కంటికి భూతద్దం తగిలించుకున్నా.
బయట కొండకు, కొండకు అని జీపులోళ్ళ అరుపులు.
గంధం పూసిన గుండ్లు నా అద్దం ముందర
ఎండకు మెరస్తా పోతా ఉండాయి.

నేను మొదట ముళ్ళు చూస్తా.
ముళ్ళ దగ్గిర ఎవురూ అబద్ధం సరిగ్గా చెప్పలేరు.
నిమిషాల ముల్లు గీతల దాకా అందలేదు,
పంక్తి చివర కూచున్న పిల్లోడి చెయ్యి
నేతి గిన్నె దాకా రానట్టు.
డయలు చుక్కల్లో రేడియం పాత చింతపండు రంగు,
ముళ్ళల్లో పచ్చి చిక్కుడు గింజ రంగు.
ఒకే ఇంట్లో ముసిలోళ్ళయిన జంట కాదిది.

ఆరు అంకె దగ్గిర అక్షరాలు లావెక్కినాయి,
ఎవురో తిరిగి అచ్చేసినారు.
డయలు కాళ్ళు రెండూ కోసి బంకతో అతికించినారు.
కీ తిప్పే తల ఇంకో కంపెనీది.
మూడు మరలు తెల్లవి, ఒకటి నీలం.
ఆ రెండు రాళ్ళూ ఇప్పుడు ఏ గడియారంలో ఉండాయో.

చెప్పేద్దామనే నోరు తెరిచినా,
మూడు శవాలు కలిపి కుట్టినారబ్బయ్యా అని.

అప్పుడు వెనక మూత తిరగేసినా.
సూదితో గీకిన గీతలు.
బాగుచేసినోడు లోపల తేదీ గీకి పెడతాడు, మా పనోళ్ళ వాడుక.
గిరాకీ ఎప్పుడూ చూడడు.
64. 71. మళ్ళీ 71.
78, దాని పక్కన చిన్న 'చె'.
చిత్తూరు బజారు వీధి చెంగల్రాయ మేస్త్రి.
నాకు పట్టకారు పట్టుకోను నేర్పినాయన.
ఆ ఏడు నేను ఆయన పక్కన ముక్కాలి పీట మీద
బంక కలిపే పిల్లోణ్ణి.

కొత్తది కొనలేనోడు ఎవురో
ఆగిన ప్రతిసారీ ఏ ముక్క దొరికితే ఆ ముక్క వేయించుకోని
ఏళ్ళ తరబడి మణికట్టు చెమట తాపి
కడాకు కొప్పెరలో వదిలేసినాడు.
ఏం మొక్కుకున్నాడో.
జేబు కొట్టినోడు ఎవుడైనా భయపడి వేసిపోయినాడో, అదీ చెప్పలేం.

"అతుకులే," అన్నా యోగానందతో.
"పద్దెనిమిది వేలు అడగబాకు.
అడిగితే ఈ మాట చెప్పి అడుగు."
వాడి మొకం మాడిపోయింది.
"మరి నడస్తా ఉండాదే!" అన్నాడు కోపంగా,
అది నడవడమే మోసమన్నట్టు.

నీలం మర వదులుగా ఉంటే పావు చుట్టు బిగించినా.
దానికి దుడ్లు తీసుకోలేదు.
మూత మూసే ముందు సూది చేతికి తీసుకున్నా.
78 కింద రవ్వంత చోటుండాది.
వాడు ఫోను చూసుకుంటా ఉండాడు.